గుల్ల అతుకు

గొర్రెల దొడ్డి గేటు కీలు విరిగి పదకొండు రోజులు.
పోర్వెనీర్‌లో ఒక బేకరీవాడి దగ్గర
సగం ధరకి కొన్నాను ఈ మిగ్ మెషీన్ని.
"బాగానే పనిచేస్తుంది" అన్నాడు
నోట్లు లెక్కపెట్టుకుంటూ,
నా మొహం చూడకుండా.

ట్రిగ్గర్ నొక్కితే తీగ గన్ను దాకా రాదు.
మూత తీస్తే రోలర్ల పక్కన
ఏ పిట్టా కట్టని గూడు.
కత్తిరించాను, మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ గూడు.
గుడ్లొక్కటే తక్కువ.

అప్పుడు వెళ్ళి పిలుచుకొచ్చాను ఒదెలిందోని.
ముప్పై ఎనిమిదేళ్ళు ఓడల పొట్టలు అతికినవాడు.
ఆ వెలుగే కొంచెం కొంచెంగా ఆయన కళ్ళు తినేసింది.
ఇప్పుడు మనుషులంతా ఆయనకి
అంచుల్లేని మరకలు.
కుర్చీ అడిగాడు. వేడిగా మాతే అడిగాడు.
"నువ్వు కానీ. నేను వింటాను."

ముందు టిప్పు విప్పించాడు.
గోటి చివర తిప్పి తడిమి,
"తీగేమో సున్నా పాయింట్ ఎనిమిది, ఇది ఆరుది.
సూది బెజ్జంలో మోకు దూర్చి
సూదిని తిడతావేం?"
టిప్పు మార్చాక రోలర్ల మర సడలించి
తీగని చెక్కముక్క మీదికి వదలమన్నాడు.
వంకీ తిరగాలి, ఆగకూడదు.
"బిగించడం అందరికీ వచ్చు" అని గొణిగాడు.
అది తీగ గురించేనా అని నేనడగలేదు.

ఈసారి నిప్పు పుట్టింది. చచ్చింది. పుట్టింది.
"క్లాంపు ఎక్కడ తగిలించావ్?"
గేటుకే.
"గేటుకా, గేటు మీది రంగుకా?"
గ్రైండర్ పెట్టాను.
ఆకుపచ్చ, దాని కింద ఎరుపు,
దాని కింద ఎవరి కాలందో నీలం.
అన్నిటికీ అడుగున ఇనుము,
సిగ్గుపడ్డట్టు మెరిసింది.

తర్వాత రవ్వలు. తొడుగుల మీద, మెడలో, బూటులో.
ఠప్, ఠప్, ఠప్.
చింతకాయ కొరికినవాడిలా మొహం పెట్టాడాయన.
"ఆ బేకరీవాడు గ్యాస్ అక్కర్లేని తీగ వాడుంటాడు.
మెషీన్ ఆపు. లోపలి పలక తియ్యి.
ప్లస్సు, మైనస్సు. అటుది ఇటు, ఇటుది అటు."

మార్చాను.
కాగిన నూనెలో ఆవాలు పడ్డట్టు
చిటపటమంటూ ఒకే వరస.
"ఇదీ" అన్నాడు ఒదెలిందో, వేలు పైకెత్తి.
హెల్మెట్ ఎత్తి చూశాను.
అతుకు నిండా కన్నాలు, పెనం మీది అట్టులా.

చెప్పాను. ఆయన చిన్నబోయాడు.
"శబ్దం బాగానే ఉందే."
సిలిండర్ నిండుగానే ఉంది.
రెగ్యులేటర్ ముల్లు పన్నెండు దగ్గర.
గొట్టం చివరిదాకా తడిమి చూశాను.
నాజిల్లో పేరుకున్న రవ్వలు గీకి పారేశాను.
కన్నాలు, మళ్ళీ కన్నాలు.

చాలాసేపు మాట్లాడలేదు. మాతే చల్లారిపోయింది.
నా చేతకానితనానికి
ఇక కొత్త పేరేదీ దొరకదేమో అనుకుంటుండగా
ఆయన ఎడమ చెంప కాస్త తిప్పాడు,
ఎవరో పిలిచినట్టు.
"యాస్నా, ఆ రేకుల మధ్య సందుందా?"
ఉంది. వేలెడు.
"జలసంధి మీంచి వచ్చే గాలి
తలుపు తట్టి రాదమ్మా.
నువ్వు గ్యాస్ పరుస్తుంటే
అది వెనకాలే చుట్టి పట్టుకుపోతోంది."

దుప్పటి కట్టించాడు. నైలాన్‌ది వద్దు,
ఉన్నిదే, ఉన్ని త్వరగా అంటుకోదు.
ఆ తర్వాతి అతుకు వంకరగా వచ్చింది,
లావుగా, ముక్కలుగా పాకినట్టు.
కానీ గుల్ల లేదు.

పాత దాన్ని అలాగే ఉంచి పైన ఇంకో పొర వేద్దామా?
అడగ్గానే తెలిసింది అడక్కూడదని.
"మొత్తం తీసెయ్.
గొర్రెలు నీ అతుకు అందం చూడవు, గేటుని తోస్తాయి."

చీకటి పడే వేళకి, కంచె మీద చెయ్యి ఆనించుకుంటూ
ఇంటిదారి పట్టాడు.
గేటు దగ్గర ఆగాడు.
ఒకసారి తోసి, చెవి వంచి విన్నాడు.
రెండోసారి తోసి, విన్నాడు.
మూడోసారి
ఊరికే.