బర్కాలో ఎనిమిది మాటలు

పండగ సెలవు మూడు రోజులు.
మొదటిది నిద్రకే పోయింది.
రెండోరోజు, మా టైర్ల దుకాణం మేనేజరు కరోలా అడిగి తెచ్చి
రువీ నుంచి బర్కాకి బయల్దేరాం.
నేను, సబిత, వెనక సీట్లో ద్యుతి,
దాని ఒళ్లో సర్వపిండి డబ్బా.

సముద్రం ముందు వాసనగా వచ్చింది.
తర్వాత ఎండబెట్టిన చిన్నచేపల మెరుపుగా,
ఆ తర్వాతే నీళ్లుగా.
ఒడ్డున పడవకి తాడు కట్టి లాగుతోంది ఒక పికప్పు బండి.
చక్రాలు ఇసకలో ఉత్తినే తిరుగుతుంటే
నలుగురు కుర్రాళ్లు భుజాలు ఆనించి, నెట్టడం మానేసి, నవ్వుతున్నారు.
సబిత కుచ్చిళ్లు ఎత్తిపట్టి
చీలమండల దాకా దిగి, అక్కడే ఆగిపోయింది.
కాలువలో ఈత నేర్చినవాళ్లం.
అవతలి గట్టు కనబడని నీళ్లంటే
మాకింకా మొహమాటమే.

మధ్యాహ్నం, ఖర్జూరపు తోటల వెనక, గుర్రాల ఫారం.
గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు రాజలింగు,
పైన ఇస్త్రీ చొక్కా, కింద లద్దె అంటిన బూట్లు.
మా పక్క మండలం వాడు. పదకొండేళ్లుగా ఇక్కడే.
"ఇది వర్దా. అంటే గులాబి అట.
నేనైతే పోరీ అంటా."
రాగిరంగు ఆడగుర్రం, నుదుట ఒలికిన పాలు.
చీకట్లో సొంతింటి స్విచ్చు మీదికి పోయినట్టు
దాని మెడ మీదికి పోయింది అతని చెయ్యి.

ద్యుతిని ఎక్కించాడు.
"వాక్, ప్లీజ్" అంది ఇది.
గుర్రం చెవి కూడా కదపలేదు.
"యల్లా!" అంది, స్కూలు బస్సులో నేర్చిన గొంతుతో.
తోక ఊపి ఒక ఈగను తోలుకుంది గుర్రం.
"అట్ల గాదు బిడ్డా. దీనికి అరబ్బీ రాదు,
పిల్లప్పటిసంది నా నోట్లె పెరిగింది.
ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడు."

నేనూ సబితా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.
ఇంట్లో మేం తెలుగులో అడుగుతాం,
అది ఇంకో భాషలో జవాబిస్తుంది.
పప్పు గిన్నె మాత్రం రెండిటి మధ్యా అటూ ఇటూ తిరుగుతుంది.

కాసేపు జూలు దువ్వుతూ కూర్చుంది.
తర్వాత, తెల్లారి ఆరింటికి
కింద బస్సు హారను మోగుతుంటే వాళ్లమ్మ అరిచే అరుపు,
అదే రాగం, అదే విసుగు:
"నడువ్! ఇంకెంతసేపు? టైమైతుంది, నడువ్!"

వర్దా నడిచింది.

నీళ్లతొట్టి దాటి, కంచె పొడుగునా,
ఆరేసిన గొంగళ్ల పక్కనుంచి నడిచింది.
సబిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
నవ్వో ఏమో, నేనడగలేదు.

చాయ్ తాగేటప్పుడు చెప్పాడు.
పండగ వెళ్లగానే దీన్ని అమ్మేస్తున్నారట.
సూర్ నుంచి ఎవరో వచ్చి పళ్లు చూసి, గిట్టలు చూసి
బయానా ఇచ్చిపోయారట.
"హమూద్ సాబ్ మంచోడే. మోకాళ్లు పోయినయి, ఇగ ఎక్కలేడు.
నువ్వు సదువుకున్నోనివి, జర రాసియ్యే అన్నా,
దీనికి తెల్సిన మాటలు. కొత్తోళ్లు పరేషాన్ గావొద్దు."

హల్వా డబ్బా అట్ట చింపి
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాను, పక్కన అర్థం.
ఆగు. నడువ్. జరుగు. కాలెత్తు.
తాగు. భయం లేదు.
ఏడోది "నేనే."
రాత్రిపూట కొట్టంలోకి పోతూ అనే మాటట.
దానికి అర్థం రాసి, కొట్టేసి,
మళ్లీ అదే రాశాను.

ఎనిమిదోది మాట కాదు.
నాలుక అంగిట్లో కొట్టి చేసే చప్పుడు, పరుగు కోసం.
పెన్ను పట్టుకుని అతని నోటివంక చూస్తూ ఉండిపోయాను.
"అది ఖాళీ పెట్టు" అన్నాడు.
అంకె వేసి వదిలేశాను.

తిరుగుదారిలో సీబ్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి.
ముందు అంతా ఎర్రదీపాలు.
మేనేజరు సీటు నిండా ఇసకా, రాగి వెంట్రుకలూ.
నిద్రపోయిందనుకున్న పిల్ల, వెనకనుంచి, మెల్లిగా,
ఆ ఎనిమిదోది చేసింది.
సబిత తల తిప్పకుండానే
తనూ ఒకసారి ప్రయత్నించింది.
సరిగా రాలేదు.