రాళ్ళెక్కిన దారి

మెట్లు పద్నాలుగు.
కిందనే నిలబడి లెక్కపెట్టాను.
ఎక్కలేనివాడికి లెక్కలు బాగా వస్తాయి.

మా చీమకుర్తి రాయే.
చుక్క చూస్తే చాలు, ఏ గనిదో చెప్తాను.
అద్దంలా పాలిష్ పట్టారు మెట్లకి,
పొద్దున పడ్డ జల్లు ఇంకా ఆరలేదు.
చంకకర్ర ఆనించానో లేదో
రబ్బరు బుడిపె సర్రున జారింది.
వంగి చూస్తే చుక్కల మధ్య నా మొహం.

ఆటో వెనక కాగితం చదివి వచ్చాను ఒంగోలుకి:
'రాతి బొమ్మల ప్రదర్శన, అందరూ ఆహ్వానితులే.'
ఇరవై రెండేళ్ళు తవ్వి తీసినవాణ్ణి,
ఆ రాయి బొమ్మయితే ఎట్లా ఉంటదో
ఒకసారి చూద్దామనిపించింది.
కర్నూలు రోడ్డు బస్సులో సీటు దొరకలేదు,
అదీ ఒక కారణమే, చంకలో మంటకి.

మెడలో బ్యాడ్జీలేసుకున్న కుర్రాళ్ళు ఉరికొచ్చారు.
"కుర్చీలో కూర్చో తాతా, నలుగురం ఎత్తుకుపోతాం."
మంచి పిల్లలు. కసురుకోబుద్ధి కాలేదు.
నేనేమన్నా ఉత్సవ విగ్రహాన్నా అబ్బాయ్, అన్నా నవ్వుతా.
ఒకసారి ఎత్తారు నన్ను
గోతిలోంచి, ఇనప తొట్టిలో పడుకోబెట్టి.
ఇంకోసారి వద్దు.

అప్పుడు అడిగాను:
"అవునుగానీ, బొమ్మలెట్లా ఎక్కినయ్?"

నస్రీన్ అంట ఆ పిల్ల పేరు, బొమ్మల చదువే చదువుతా ఉంది.
నోరు తెరిచి, మూసి,
"వెనకనించి" అంది.

వెనక జనరేటరు, తాగి పడేసిన టీ కప్పులు,
నిలబెట్టిన చీపుర్ల కట్ట,
వాటి పక్కన గుమ్మం దాకా
చెక్క పలకల వాలు.
మీద తాళ్ళు ఒరుసుకున్న గుర్తులు.

గనిలో మేమే కొట్టాం లారీలకి వాలు దారి.
రెండొందల అడుగుల లోతునించి
ముప్పై టన్నుల దిమ్మె కుదుపు లేకుండా పైకి రావాలని
ఇంజనీరు గొడుగేసుకుని కొలతలు చెప్పేవాడు.
రాయికి నొప్పి తగలకుండా
ఎంత ఆలోచించేవాడో ఆ మహానుభావుడు!

టక్కు, టక్కు.
పలకలు పలికాయి. పైకొచ్చాను.

లోపల చల్లగా ఉంది.
దువ్వెన పట్టుకున్న ఆడమనిషి,
గంప దించుకుంటున్న ముసలామె,
మూలన ముడుచుకుపోయిన పిల్లి.
పేర్లు చీమలంత అక్షరాల్లో రాశారు.
'ముట్టుకోరాదు' మాత్రం బెత్తెడంత.
గోడ పొడుగునా ఒక్క కుర్చీ లేదు.
నిలబడే ఓపికున్న వాళ్ళకే కాబోలు బొమ్మలు.

రావాల్సిన బొమ్మ రాలేదేమో, ఒక దిమ్మె ఖాళీగా ఉంది.
కూర్చున్నా.
వాచ్‌మన్ జాలయ్య పరిగెత్తుకొచ్చాడు,
నస్రీన్ కంటితోనే ఆపింది.
ఒకాయన ఫోను తీసి నా వంక చూశాడు,
నేనూ ప్రదర్శనలో భాగమే అనుకున్నట్టున్నాడు.
చూసుకోనీ.

చంకలో మంట తగ్గాక గానీ
పిల్లి నాకు సరిగ్గా కనపడలేదు.
మూతి నునుపు, చెవులు నునుపు,
వీపు మాత్రం గరుగ్గా వదిలేశాడు చేసినోడు.
అక్కడుంది పిల్లి ప్రాణమంతా.
చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.
"ముట్టుకో తాతా" అంది నస్రీన్, గొంతు తగ్గించి.

వేళ్ళ కింద ఉలి దెబ్బల వరస.
కుడినించి ఎడమకి వాలి ఉన్నయ్.
"ఎడమచేతివాటమా, ఇది చెక్కినోడు?"
"ఆమె" అంది. "అవును, ఎడమచెయ్యే."
ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలా.

దిగొచ్చేటప్పుడు అడిగాను,
ఈ పలకలు మీవేనా అని.
టింబర్ డిపోవంట, అద్దెకు తెచ్చారంట,
ఆదివారం బొమ్మలు దిగ్గానే ఇవీ పోతాయంట.
"రోజుకెంతమ్మా?"
తెలియదంది. కనుక్కుంటానని
అరచేతిలో పెన్నుతో రాసుకుంది.

చివరి పలక కాలికింద ఊగింది.
మేకు లేచి ఉంది.
పక్కన పడున్న నల్లరాయి ముక్క తీసి
కూర్చుని, నాలుగు దెబ్బలేశాను.

ఆదివారం దాకా ఆగుద్ది.