కాలమ్ నంబర్ పదకొండు

నా పేరు కట్కూరి ఓదెలు, వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని.
నదిని కొలిచే నౌకరి. నదికి ఆ సంగతి తెల్వదు.

మద్దిగడ్డకు ఒకదిక్కు గోదారి, కడమ దిక్కులన్నీ వాగు.
ఎండకాలం బండి పోయే తొవ్వ ఉంటది,
ఆషాఢం వస్తే తొవ్వ ఉండదు.
నూట పన్నెండు గడపలు, రెండు బోరింగులు,
బడి గోడ మీద వరదలు గీసిపోయిన గీతలు.
పిల్లలు వాటి పక్కన వీపు ఆనించి నిలబడి
ఎవలు ఎంత పెరిగిన్రో చూసుకుంటరు.

కరకట్ట ఎగువ నుంచి వచ్చి ఆగింది,
దిగువ నుంచి వచ్చి ఆగింది.
నడుమ ఆరు వందల మీటర్లు, సరిగ్గ ఊరి ముందర,
పండ్లూడిన నోరు లెక్క తెరిచే ఉన్నది.
ఆ ఆరు వందల మీటర్లకు
నేను అంచనా కట్టుడు ఇది నాలుగోసారి.
మొదలు రాయి రేటు తప్పన్నరు.
తర్వాత ఎన్నికలన్నరు.
మూడోసారి నిధులు హన్మకొండ దాకా వచ్చి
మార్చి ముప్పై ఒకటి రాత్రి
ఎవలకూ చెప్పకుండ మర్లిపోయినయి.
వరదకు మూడు హెచ్చరికలుంటయి,
మార్చికి ఒక్కటి గూడ ఉండదు.

ఈసారి ఫైలు మీద ఎర్రసిరాతోని ఒక్క ముక్క:
"రక్షించబడు ఆస్తి విలువ కన్న కట్ట వ్యయము అధికము.
పునఃపరిశీలించి పంపవలెను."

పోయిన, పునఃపరిశీలించెటందుకు.
కాలమ్ నంబర్ పదకొండు: ఆస్తి వివరము, విలువ రూపాయలలో.

కుర్సం పగిడమ్మ వాకిట్ల ఇప్పపువ్వు ఆరబోస్తున్నది.
"ఇల్లు ఎంత చేస్తది, అవ్వా?"
"ఏ ఇల్లు?" అన్నది.
"కొట్టుకపోయిందా, దానికి ముందటిదా,
గీ ఇప్పుడు లేపుతున్నదా?"

మట్టిగోడలు, రేకులు, పద్దెనిమిది వేలని రాసిన.
మేకలు పదకొండు, రాసిన.
మునిగిన మిరపతోట రాయబోతే
పట్టాపాసుబుక్కు ఏదని అడిగింది నేనే.
నా గొంతులకెల్లి వేరే ఎవలో అడిగినట్టున్నది.
పట్టా లేని చేను
నిలువు లోతు మునిగినా కాగితం మీద పొడిదే.

"గవి గూడ రాస్కో" అని వాగుగడ్డ చూపింది.
నిలబెట్టిన రాళ్ళు.
మామది ఒకటి, పెనిమిటిది ఒకటి,
పేరు పెట్టకముందే పోయిన పిల్లది
మోకాలెత్తు.
"రాయికి రేటుంటది గద, సారూ, మీ బుక్కుల?"

ఉంటది. ఘనపు మీటరుకు ఇంతని ఉంటది.
కట్టకు పేర్చే రాయికి.

పోయిన వానకాలం బడి డాబా మీద
రెండు రాత్రులు ఊరంతా తడిసింది.
మూడోనాడు హెలికాప్టర్ వచ్చి
పులిహోర పొట్లాలు ఇడిచింది, సగం వాగుల పడ్డయి.
దాని గంట కిరాయి ఎంతో, ఆ పొట్లాల విలువెంతో
ఏ కాలమ్‌ల పక్కపక్కన రాసిన్రో, నేనైతే చూడలే.

రాత్రి క్వార్టర్‌ల కూసొని కూడిన. చాలలేదు.
ఇప్పచెట్లు కలిపిన.
బుక్కుల నీడకు రేటు లేదు, పువ్వుకు లేదు,
కలపకున్నది.
నరికినట్టు లెక్కేస్తే విలువ పెరిగింది.
ఊరు నిలవాలని
ఊరి చెట్లన్నీ కాగితం మీద ఒక్కొక్కటే నరుక్కుంట పోయిన,
తొంభై ఆరు దాకా.
అయినా ఇంక రెండు కోట్లు తక్కువే.

పెన్ను మూత దొరకలే. లైటు పోయింది.
బయట కాలం గాని కాలంల చినుకు.
చేతులకు ఇంక ఇప్పపువ్వు వాసన,
పగిడమ్మ పోయేటప్పుడు దోసెడు పోసింది,
దాన్నీ రాయలే.

పొద్దుగాల రేవుకు పోవాలె.
నీటిమట్టం చూసే స్తంభం మీద
పోయినేటి బురద ఇంక ఎండి అట్లనే ఉన్నది,
అంకెలు కనిపిస్తలేవు.
బకెటు, కొబ్బరిపీచు పట్టుకపోయి
కింద సున్న కాడికెల్లి
కడుగుడు మొదలుపెట్టాలె.