తరుగు

జూన్ నెలంతా మా ఆఫీసు గోడలకు
మామిడి గుజ్జు వాసన.
బంగారుపాళ్యం దారిలో ట్రాక్టర్ల వరస
గేటు దాటి, టీ అంగడి దాటి,
మలుపు తిరిగి కనపడకుండా పోయేది.
లోపల నా మెయిలు పెట్టె కూడా అంతే.

ఒక్కో కాటా నుంచి ఒక్కో రకం చీటీ.
ఒకరు టన్నుల్లో రాస్తారు, ఒకరు కిలోల్లో.
దామలచెరువు కాటా మునస్వామి మాత్రం
"ఏడున్నర, కొంచెం తక్కువ" అంటాడు.
పూతలపట్టుకు నేను చూసిన స్పెల్లింగులు పదకొండు.
బెంగుళూరా, తోతాపురి, కలెక్టరు కాయ:
మూడు పేర్లు, ఒకే పులుపు.

నాలుగేళ్లు చేత్తో ఎక్కించా.
ఈ ఏడు మూడు ఆదివారాలు కూర్చుని
తెర మీద డబ్బాలు గీసి, గీతలతో కలిపా.
మెయిలు రాగానే మేలుకో.
చీటీ విప్పు, అంకె పట్టుకో.
కిలోలను వెయ్యితో భాగించు.
పదకొండు పూతలపట్లనూ ఒకే ఊరు చెయ్యి.
తరుగు తీసెయ్యి. వరసలో పెట్టు.
రైతుకు జవాబు పంపు.

మొదటి రోజు టీ వేడిగా తాగా.
మేనేజరు వరదరాజులు వెనక నిలబడి
"ఏం సుగుణా, దయ్యాన్ని పెట్టినావా లోపల?" అన్నాడు.
నవ్వా.
"దయ్యమైతే జీతం అడగదు" అని
ఆయనే అన్నాక, నవ్వు కొంచెం తగ్గింది.

పన్నెండో రోజు సాయంత్రం, ఊరికే,
"ఇతరములు" అనే ఫోల్డరు తెరిచా.
నేను పెట్టిన పేరే, నేను మరిచిన పేరే.
అంకె దొరకనివన్నీ అందులో పడమన్నా.
నలభై మూడు.

ఖాళీ మెయిలు. తలకిందుల ఫోటో.
ఎవరికో పంపబోయి మాకు పంపిన పెండ్లి పత్రిక.
వాటి నడుమ, మనవరాలి ఫోన్లోంచి కాబోలు,
ఐరాల చెంగల్రాయులు:
"అమ్మా, బండి మీ గేటు కాడ మూడు దినాలుగా వుండాది.
కాయ కారతా వుండాది. కాటా ఎప్పుడెక్కాల?"
ఆరు రోజుల కిందటిది.
దాని కింద నా పేరుతో పోయిన జవాబు:
"మీ సరుకు అందినది. ధన్యవాదములు."

జవాబు డబ్బాను
తనిఖీ డబ్బాకు ముందు పెట్టా. అంతే తప్పు.

గేటు కాడికి పోయి చూశా.
తారు మీద పసుప్పచ్చగా ఎండిన మరక, ఈగలు.
వాచ్‌మన్ కేశవులు బీడీ ఆర్పి
"ఆ ముసలాయనా? మొగిలి ఘాటు కింద పారబోసి పోయినాడంట" అన్నాడు.

ఆ నెల పట్టీలో ఆయన పేరు లేదు.
తరుగు గడిలో పట్టేంత చిన్నది కాదు ఆ బండి.

రాత్రి గీత ఒకటి మార్చా.
అర్థం కాని మెయిలు ఇక ఏ ఫోల్డరుకూ పోదు,
నా ఫోను మోగుతుంది.
టీ మళ్లీ చల్లారుతోంది.

నిన్న తెల్లవారుజామున రెండున్నరకు మోగింది.
తలకిందుల ఫోటో.
ఫోను తిప్పి, కళ్లు నులుముకుని చదివా:
ఏడున్నర,
కొంచెం తక్కువ.