వెలుగు తిరిగొచ్చే లోపల

తుఫాను కబురుకి కరెంటు తీసేశారు.
కళింగపట్నంలో ఇదేం కొత్త కాదు.
శాఖా గ్రంథాలయం నుంచి తెచ్చిన నవల,
అట్ట ఊడి కుట్టుదారం కనిపిస్తోంది.
గడువు చీటీ మీద నాకంటే ముందు ఒక్కటే తేదీ,
అదీ నేను పుట్టకముందుది.

కొవ్వొత్తి గాలికి ఆగలేదు.
దీపస్తంభం వెలుగు కిటికీలోంచి వచ్చి
గోడ మీద సైకిలు నీడని ఈడ్చుకుపోయే లోపు
ఒకటిన్నర వాక్యం చదవొచ్చు.
ఆ తర్వాత పదకొండు అంకెల చీకటి.

కథ కరువు కాలంలోది.
రేవులో ఉప్పుకొటారు. రాత్రిపూట పద్దు రాసే
గుమాస్తా బెహరా జగన్నాయకులు.
బయట ఎండిన వంశధార,
గంజి కోసం నిలబడ్డ వరసలో
నిలబడ్డట్టే పోయినవాళ్ళు.
వాళ్ళకి భయపడడు అతను.
కొటారు నేల కింద ఏదో
తన లెక్కనే, ఒక అంకె ముందుగా,
లెక్కపెడుతోంది. అందుకు.

వెలుగు.
"ఉప్పు సముద్రంలోంచి రాలేదు" అని ఉంది.
చీకటి.
మరి ఎక్కణ్ణించి?

మా అప్పమ్మ చెప్పిన దెయ్యాలకి ఇంటిపేర్లుండేవి.
నూతిలో పడ్డ చింతాడ వాళ్ళ కోడలు,
బాకీ వసూలు కాకుండానే పోయిన షావుకారు.
నిమ్మకాయో, నల్లకోడో, కనీసం నాలుగు తిట్లో
పుచ్చుకుని పక్కకి తప్పుకునేవి.
ఇది ఏమీ అడగదు.
దానికి మనమీద కోపం లేదు.
మనం ఉన్నట్టే తెలీదు.
చుక్కలు దాని ఒంటిమీద ఆరిన ఉప్పు.
కోపమైనా ఉంటే బాగుణ్ణని
బస్తా మీద తల ఆనించి జగన్నాయకులు ఏడుస్తాడు.
నాకూ గొంతు పట్టుకుంది.

ఎనిమిది, తొమ్మిది, పది,

తెల్లారేసరికి గాలి పడిపోయింది.
పక్క వాటాలోని నీలాచలం పిన్ని వచ్చి
"రేత్రల్లా ఎవుల్తోటే ఆ లెక్కలు?
ఒకలు ఆపితే ఒకలు" అంది.
పుస్తకం పిన్నీ, చదువుకున్నాను, అన్నాను.
చూపిద్దామని ఆ చుక్కల వాక్యం వెతికాను.
జగన్నాయకులు ఏడ్చిన పేజీలో
బస్తాల తూకం, బండికూలి, వాన పడని తారీఖులు.
ముందుకీ వెనక్కీ తిప్పాను.
కోపం అన్న మాట
పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు.

పిన్ని చద్దన్నం పెట్టి
ఉప్పుడబ్బా నా వైపు జరిపింది.
వద్దన్నాను.