గుండ్రం లేని పుస్తకం

పాత పుస్తకాల బండి మీద
ఇరవై రూపాయలకు దొరికింది ఆకారాల బొమ్మల పుస్తకం.
ఇంటికొచ్చి చూస్తే
గుండ్రం ఉండాల్సిన పేజీ లేదు.
ఎవరి పిల్లో చింపుకుని ఉంటుంది.
అందులో చందమామ ఉండేదో, బంతి ఉండేదో
మాకు తెలీదు.

కెజియాకు మూడున్నరేళ్లు.
త్రిభుజం పేజీలో మంచుకొండ చూపిస్తే
"సమోసా తెల్లగా ఉందేంటమ్మా" అంది.
చతురస్రం దాని నోట్లో నలిగి
చతుస్సం అయింది.
నేను దిద్దలేదు.
పదో తరగతి లెక్కల పరీక్షలో
నాకూ ఆ మాటకు ఒత్తులు సరిగ్గా పడలేదు.

మా బడి కుట్టుమిషను పక్కనే.
నేను తొక్కుతుంటే
అది చాప మీద బోర్లా పడుకుని
పేలికల అట్టపెట్టె కుమ్మరించుకుంటుంది.
స్టీలు గిన్నెలో మైదా జిగురు,
చేతిలో మొండి కత్తెర,
పాత పెళ్లిపత్రికల వెనకవైపు దాని నోటుబుక్కు.
మూడు మూలలవి ఒక కుప్ప,
నాలుగు మూలలవి ఇంకో కుప్ప.
"గుచ్చుకుంటే మూల, గుచ్చుకోకపోతే కాదు" అంటుంది
వేలితో పొడిచి చూసుకుంటూ.
మా లెక్కల మాస్టారు ఇంత బాగా చెప్పలేదు.

సాయంత్రం కరెంటు పోతే పాఠం వీధిలోకి వస్తుంది.
బ్రాడీపేట నాలుగో లైనులో బయల్దేరి
అడ్డరోడ్డు దగ్గర తిరిగి
ఐదో లైను వెంబడి నడిచి
మళ్లీ ఒక అడ్డరోడ్డు, మళ్లీ ఒక మలుపు,
మా గుమ్మం.
"మనం చతుస్సం నడిచాం" అంది
మెట్టు మీద చెప్పులు విప్పుతూ.
ఇన్నేళ్లూ పాలకెళ్లి వచ్చాను, దారపు రీళ్లకెళ్లి వచ్చాను,
ఒక బొమ్మను చుట్టి వస్తున్నావని
ఎవరూ చెప్పలేదు.
నిజానికది దీర్ఘచతురస్రం.
రేపు చెబుదాంలే అని ఊరుకున్నాను.

గుండ్రం తెలియక కాదు దానికి.
దోసె, గాజు, బాబిను, గుండీ,
మా ఇంటి నిండా గుండ్రాలే.
మిరపకాయల లోడుతో వెళ్లిన వాళ్ల నాన్న
నాగపూర్ దారిలో ఆగి టైరు ఫొటో పంపాడు.
"ఇది పుస్తకంలోది కాదుగా" అంది.

ఆ రోజు నేను ఎసట్లో బియ్యం పోసి వచ్చేసరికి
నా పెద్ద కత్తెర నేల మీద ఉంది.
అనసూయమ్మగారి వంకాయరంగు పట్టు జాకెట్టు ముక్కకు
నడిమధ్యన కన్నం.
పుస్తకంలో చిరుగు అంచుకు పెళ్లిపత్రిక అతికించి
దాని మీద, ఇంకా తడి ఆరని
పట్టు గుండ్రం.
"పేజీ వచ్చేసిందమ్మా!"
చెయ్యెత్తాను.
ఎత్తిన చేతిని ఏం చేయాలో తెలియక
ఫ్యాను స్విచ్చు వేశాను.

రాత్రి పదకొండు దాకా కూర్చుని
ఆ కన్నాన్ని వీపు మీదికి తెచ్చి
చుట్టూ పైపింగు వేసి, పైన ఒక గుండీ పెట్టాను.
అనసూయమ్మగారు అద్దంలో మెడ తిప్పి చూసుకుని
"కొత్త మోడలా?" అన్నారు.
అవునండీ అన్నాను.
ఆదివారం ప్రార్థనలో ఆ మాటకు క్షమించమని అడిగాను.
మోడలు బాగుందని ఆవిడ ఎక్కువిచ్చిన ముప్ఫై రూపాయల ఊసు
ఎత్తలేదు.

నిన్న పెట్టె అడుగు నుంచి ఒక ముక్క పట్టుకొచ్చింది.
ఒక పక్క వంపు, ఒక పక్క తిన్నన,
ఒక మూల గుచ్చుకుంటుంది, ఒకటి గుచ్చుకోదు.
"దీని పేరేంటి?"
పుస్తకమంతా తిప్పాం. లేదు.
చంక దగ్గర కత్తిరించి పారేసే ముక్క అది.
చెయ్యి ఆడాలంటే అక్కడ ఆ మేర గుడ్డ పోవాల్సిందే.
మనిషి ఒంటికి కుదిరేవి
ఎక్కువగా పేరు లేనివే.
మూడున్నరేళ్లకి అది ఎలా చెప్పను?

నేను మాట వెతుక్కునేలోగా
చివరి అట్ట లోపల దాన్ని అంటించేసి
అరచేత్తో అదిమిపట్టి కూర్చుంది.
జిగురు ఆరేదాకా
మిషను తొక్కొద్దంది,
నేల అదురుతుందని.