ఎడమ పెట్టె

జాలీ తీసి చూస్తే
ఫోమ్ అంచు తడిసి ఎండిన అప్పడం.
వేలు తగిలితే చాలు, రాలి
నల్లటి జిగట పొడి గోళ్ళలోకి.
ఇరవై రెండేళ్ళు ఊగీ ఊగీ
కోన్ మాత్రం చెక్కుచెదరలేదు,
దాన్ని పట్టుకున్న చెయ్యే అరిగిపోయింది.

రిచీ వీధిలో మస్తానయ్య
కొత్త రింగు కొలిచి ఇస్తూ అన్నాడు:
"ఎనిమిదంగుళాలు సార్. తొందరపడబాకండి.
జిగురు ఆరేదాకా పాట పెట్టబాకండి."

సైదాపేట, మే నెల.
జిగురు ఆరింది. నేను ఆరలేదు.

చూపుడువేలితో అంచంతా రాస్తుంటే
తాతయ్య గుర్తొచ్చాడు.
కచేరీకి ముందు మృదంగం ఎడమ మూతికి
తడిపిన రవ్వ ముద్ద అద్ది,
కొట్టి, విని, చిటికెడు గిల్లేసి,
మళ్ళీ కొట్టి.
అయ్యాక గీకి పారేసేవాడు.
మంద్రం ఏ పూటకాపూట వండుకోవాలిరా, అనేవాడు.
నేనేమో ఇంకో ఇరవై ఏళ్ళకి అంటిస్తున్నాను.

ఆదివారం పరీక్ష.
కుడివైపు, మా తమ్ముడు శశిభూషణ్ కొన్న
కొత్త సబ్‌వూఫర్, అద్దంలా మెరుస్తూ.
ఎడమవైపు నాది.
ఒకే పాట, ఒకే వాల్యూమ్,
రెండింటి మీదా చెరో స్టీలు గ్లాసు, సగం నీళ్ళు.

కొత్తది మొదలెట్టగానే
నీళ్ళు ఎగిరి నా కాళ్ళ మీద పడ్డాయి.
కిటికీ అద్దం పళ్ళు కొరికింది.
కింది వాటా అలమేలు మామి కర్రతో
తన పైకప్పుని, అంటే నా నేలని, రెండుసార్లు పొడిచింది.
"గెలిచింది" అన్నాడు శశి.

పాతదానికి మార్చాను.
నీళ్ళలో ఒక్క వలయం.
దాని వెనక ఇంకోటి, తొందర లేకుండా.
చెవికి కాదు,
అరికాలికి చేరింది ముందు.
చివరి స్వరం ఎంతసేపు ఉండాలో
అంతసేపే ఉండి లేచి వెళ్ళింది.
కొత్తది అలా కాదు, వెళ్ళొస్తానని
గుమ్మంలో అరగంట మాట్లాడే చుట్టం.

కింద నుంచి కర్ర చప్పుడు లేదు.

శశి ఫోన్‌లో ఏదో మీటరు చూసి
"ముప్ఫై అయిదు కిందకి నీది దిగదు" అన్నాడు.
నిజమే. దిగదు.
అంచు మీద బట్టల క్లిప్పు గుర్తొకటి
ఉండిపోయింది కూడా.

సాయంత్రం మెట్ల మీద మామి ఎదురైతే
క్షమాపణ మొదలెట్టి, ఆగలేక,
"మొదటిది సరే, రెండోదో?" అనడిగాను.
ఆవిడ కాసేపు ఆలోచించింది.
"రెండోదా? అది రైలు కదా?"

పొగడ్తో కాదో తెలీక
తొమ్మిదీ నలభై తాంబరం లోకల్ వచ్చేదాకా
పెట్టె మీద చెయ్యి వేసుకుని కూచున్నాను.